వడ్ల కాంటా కింద ఏముంది?

ప్రశ్న: మా వడ్ల ట్రాక్టరును మిర్యాలగూడలో వే బ్రిడ్జి మీద నిలబెడితే, తూకపు రాళ్లేవీ లేకుండానే క్షణంలో బరువు కనబడుతుంది. అసలు బరువును కొలిచేది ఏది? ఒకే బండికి రెండు కాంటాల మీద రెండు తూకాలు ఎందుకు వస్తాయి? – ఒక రైతు, వేములపల్లి

జవాబు: బండి నిలిచే పలక కింద లోడ్‌సెల్స్ అనే ఉక్కు దిమ్మెలు, సాధారణంగా ఆరో ఎనిమిదో, ఉంటాయి. బండి బరువంతా మోసేవి అవే. ఉక్కు ఎంత గట్టిదైనా బరువు పడితే కొద్దిగా అణుగుతుంది లేదా వంగుతుంది; బరువు తీయగానే మళ్లీ మొదటి రూపానికి వస్తుంది. మీటరు పొడవున్న ఉక్కు కడ్డీని, దాని అడ్డుకోతలో ప్రతి చదరపు మిల్లీమీటరుకు సుమారు 20 కిలోల బరువు చొప్పున లాగితే, అది 1 మిల్లీమీటరు సాగుతుంది. కాంటా కొలిచేది నిజానికి ఈ సాగుదలనే. బరువు దాని నుంచి లెక్కగట్టిన అంకె మాత్రమే.

కంటికి ఆనని ఆ సాగుదలను పట్టుకునేది స్ట్రెయిన్ గేజ్. వేలిగోరంత సైజున్న పలుచని ప్లాస్టిక్ పొర మీద, రాగి, నికెల్ కలిసిన లోహపు రేకు సన్నని గీతలుగా అటూ ఇటూ మడతలు తిరిగి ఉంటుంది. దానిని దిమ్మెకు జిగురుతో అతికిస్తారు. ఉక్కు సాగినప్పుడు ఆ గీతలు కూడా సాగి, పొడవు పెరిగి సన్నబడతాయి కాబట్టి వాటి విద్యుత్ నిరోధం పెరుగుతుంది. లాగిన తీగకు నిరోధం మారుతుందని విలియం థామ్సన్, అంటే తరువాతి కాలపు లార్డ్ కెల్విన్, 1856లోనే గమనించాడు. దానిని కొలత పరికరంగా మలిచినవారు అమెరికాలో ఎడ్వర్డ్ సిమన్స్, ఆర్థర్ రూజ్. 1938లో ఒకరితో ఒకరికి సంబంధం లేకుండానే ఇద్దరూ ఈ పని చేశారు. ఇందులో అన్నిటికన్నా నేర్పు కావలసింది జిగురు దగ్గరేనని నా అభిప్రాయం. జిగురు పొర జారితే ఉక్కు ఎంత నిక్కచ్చిగా వంగినా గేజ్ దానిని సరిగ్గా చెప్పలేదు.

పైన చెప్పిన కడ్డీ అంత సాగుదలకు కూడా 350 ఓమ్‌ల గేజ్‌లో వచ్చే మార్పు 0.7 ఓమ్ మాత్రమే. అందుకే నాలుగు గేజ్‌లను వీట్‌స్టన్ బ్రిడ్జి పద్ధతిలో కలుపుతారు: బరువు పడినప్పుడు రెండు సాగుతాయి, రెండు కుదించుకుంటాయి, వాటి మధ్య తేడా మాత్రమే బయటికి వస్తుంది. మే నెల ఎండకు దిమ్మె కాగినా నాలుగూ ఒకేలా వేడెక్కుతాయి కనుక ఆ ప్రభావం చాలావరకు కొట్టుకుపోతుంది. మిల్లీవోల్టులలో సంకేతం ఇచ్చే ఇటువంటి దిమ్మెకు 10 వోల్టులు ఇస్తే, నిండు బరువు మీద కూడా సాధారణంగా 20, 30 మిల్లీవోల్టులే వస్తాయి. 60 టన్నుల కాంటా 10 కిలోల తేడాను చూపాలంటే, లోపలి పరికరం నాలుగైదు మైక్రోవోల్టులకు మించని మార్పును గుర్తించాలి.

ఇంత సున్నితమైన ఏర్పాటు కనుకనే రెండు తూకాలు వస్తాయి. పలక చుట్టూ ఉండే సందులో మట్టి, కంకర, వరిగడ్డి చేరి గట్టిపడితే, బండి బరువులో కొంత దిమ్మెల మీద పడకుండా పక్క గోడ మీదికి పోతుంది, తూకం తగ్గుతుంది. వానాకాలంలో తీగలు కలిసే పెట్టెలోకి తేమ చేరితే అంకె నిలకడగా ఉండదు. బండి పలక కన్నా పొడవై ట్రాక్టరును, ట్రాలీని విడివిడిగా తూచి కలిపితే, నేల ఏటవాలు వల్ల, కొక్కెం దగ్గర లాగుడు వల్ల మొత్తం తేడా పడవచ్చు.

మీరు చూడవలసినవి ఇవి. బండి ఎక్కకముందు తెర మీద సున్నా ఉందా, పలక మొదట, నడుమ, చివర ఆగినప్పుడు తూకం ఒకటేనా, తూనికలు కొలతల శాఖ ఏడాదికొకసారి వేయవలసిన ముద్ర గడువులో ఉందా? వడ్లతో తూచినప్పుడు ట్రాలీ మీద కూర్చున్న మనిషి ఖాళీ తూకంలో లేకపోతే, ఆ మనిషి బరువు మీ వడ్లలో కలుస్తుంది.

ప్రశ్న: నాగార్జున సాగర్ గేట్లను ఇన్ని అడుగులు ఎత్తారని చెబుతారు. గేటు ఎత్తును యంత్రం ఎలా తెలుసుకుంటుంది? – ఒక విద్యార్థి, హాలియా

జవాబు: సాగర్‌లో ఏ పరికరం ఉందన్నది వదిలి, గేట్లకు సాధారణంగా వాడే పద్ధతి చెబుతాను. గేటును లాగే తాడు చుట్టుకునే ఇరుసుకు ఎన్‌కోడర్ అనే చక్రం బిగిస్తారు. చక్రంలోని సన్నని చీలికల గుండా వెలుగు పడి ఆగే లెక్కను బట్టి ఇరుసు ఎంత తిరిగిందో తెలుస్తుంది. అయితే కరెంటు పోతే సాధారణ ఎన్‌కోడర్ లెక్క మరిచిపోతుంది. ప్రతి స్థానానికి వేరు సంకేతం ఉండే రకంలో ఆ ఇబ్బంది లేదు, వరద రాత్రి నమ్మదగినది అదే. మిల్లీమీటర్లలో కదలికకు ఎల్‌వీడీటీ అనే తీగచుట్టల పరికరం వాడతారు. నడుమ చుట్ట నుంచి రెండు పక్క చుట్టలకు చేరే వోల్టేజీ, లోపల ఇనుప కడ్డీ జరిగిన కొద్దీ మారుతుంది.

ఇరుసు తిరగడం వేరు, గేటు లేవడం వేరు. తాడు సాగితే ఈ రెండింటికీ తేడా వస్తుంది. అందుకే అక్షం చుట్టూ తిరిగే రేడియల్ గేటుకు, గేటు చేయి మీదనే కోణాన్ని కొలిచే సెన్సారు పెట్టి, ఆ కోణం నుంచి ఎత్తును లెక్కగట్టడం మేలు.