ముందు నీళ్ల సంగతి, తర్వాతే పాటల సంగతి

"ఆఫీసుకు కారులో రానూపోనూ రోజుకు మూడు నాలుగు గంటలు ట్రాఫిక్‌లోనే గడిచిపోతోంది, మీరంతా ఎలా తట్టుకుంటున్నారు?" అని ఒకరు అడిగారు. పాటలు పెట్టుకోండి, పాడ్‌కాస్ట్‌లు వినండి, ఆటోమేటిక్ గేరు బండి కొనండి అని చాలామంది చెప్పేశారు. నేను అవన్నీ చేశాను. హైదరాబాద్‌లో ఏడేళ్లుగా వనస్థలిపురం నుంచి నానక్‌రామ్‌గూడకు కారు నడుపుతున్నాను. నేను చెప్పేది ఒక్కటే. దారిలో బాత్రూమ్‌కు ఎక్కడికి వెళ్తారో ముందు తేల్చుకోండి. అది తేలకుండా ఏ పాటా చెవికెక్కదు. ఆడవాళ్లయితే మరీను.

మెట్రోలో పోవచ్చు కదా అంటారు. పొద్దున పాపను కర్మన్‌ఘాట్‌లో మా అమ్మ దగ్గర దించాలి. సాయంత్రం తీసుకురావాలి. పైగా ఎల్బీనగర్‌లో ఎక్కి అమీర్‌పేటలో మారినా, నా వైపు మెట్రో రాయదుర్గంతో అయిపోతుంది. అక్కణ్నుంచి ఆఫీసు ఇంకా అయిదారు కిలోమీటర్లు. ఔటర్ రింగ్ రోడ్డు మీదుగా వెళ్తే చుట్టూ తిరగాలి, టోల్ కట్టాలి. అందుకని కర్మన్‌ఘాట్, ఒవైసీ జంక్షన్, చాంద్రాయణగుట్ట, ఆరాంఘర్, పీవీ ఎక్స్‌ప్రెస్‌వే, మెహిదీపట్నం, టోలిచౌకి, షేక్‌పేట, రాయదుర్గం. ఇదీ నా దారి. అటూ ఇటుగా ముప్పై అయిదు కిలోమీటర్లు. పొద్దున తొందరగా బయల్దేరితే గంటంపావు. సాయంత్రం ఇంత అని చెప్పలేను.

ఈ దారిలో వంతెనలకు కొదవలేదు. ఎక్స్‌ప్రెస్‌వే 2009లోనే వచ్చింది. ఒవైసీ జంక్షన్ దగ్గరిది 2021 చివర్లో, షేక్‌పేటది 2022 జనవరిలో తెరిచారు. పైనున్నంతసేపూ హాయిగా ఉంటుంది, దిగేచోట మాత్రం అదే జామ్, కాకపోతే రెండు కిలోమీటర్లు ముందుకు జరిగి ఉంటుంది. ఇన్ని కోట్లు పోసి కట్టినవాళ్లు వంతెన దిగేచోట రాత్రిపూట కూడా తెరిచి ఉండే బాత్రూమ్ ఒక్కటి కట్టించలేకపోయారు. ఎక్స్‌ప్రెస్‌వే పొడవు 11.6 కిలోమీటర్లు. పైన బండ్లు నిలిచిపోతే ర్యాంపు వచ్చేదాకా ఉగ్గబట్టుకుని కూర్చోవాల్సిందే. మగవాళ్లు బండి పక్కన ఆపి గోడవైపు తిరుగుతారు. మేం ఎటు తిరగాలి?

మొదటి రెండేళ్లు నేను కనిపెట్టిన ఉపాయం నీళ్లు మానెయ్యడం. మధ్యాహ్నం భోజనం దగ్గర ఒక గ్లాసు తాగితే మళ్లీ ఇంటికి వచ్చాకే. ఇది నా ఒక్కదాని తెలివి అనుకునేదాన్ని. ఒకరోజు ఆఫీసులో అడిగితే మా ఫ్లోర్‌లో దూరం నుంచి వచ్చే ఆడవాళ్లందరూ అదే చేస్తున్నారు. వానాకాలంలో పెద్దవాళ్ల డైపర్ వేసుకుని ఇంటికి బయల్దేరే ఆవిడ కూడా మాలో ఉంది. లక్షల జీతం, సొంత కారు, ఏసీ, అన్నీ ఉన్న మనిషి పరిస్థితి అది. ఇక ఎండలో జంక్షన్‌లో నిలబడే ఆడ కానిస్టేబుళ్లు, బస్సులో తిరిగే కండక్టర్ల సంగతి ఆలోచించండి.

నీళ్లు మానేసిన ఫలితం మూడో ఏడు కనబడింది. మొదట మంట. తర్వాత నడుము పక్కన నొప్పి, ఒక రాత్రి చలిజ్వరం, రెండు దుప్పట్లు కప్పుకున్నా ఆగని వణుకు. పరీక్ష చేయిస్తే యూరిన్ ఇన్ఫెక్షన్ అని తేలింది. యాంటీబయాటిక్స్ వాడాను, తగ్గింది. నాలుగు నెలలకు మళ్లీ వచ్చింది. డాక్టరమ్మ నా దినచర్య అంతా విని, "నువ్వు నీళ్లు మానేస్తే ట్రాఫిక్ తగ్గుతుందామ్మా?" అని అడిగింది. నాకు సమాధానం రాలేదు. నీళ్లు బాగా తాగు, వచ్చినప్పుడల్లా వెళ్లు, ఆపుకోవద్దు అంది. ఆమె చెప్పింది సబబే. ఎక్కడికి వెళ్లాలో మాత్రం ఆమె చీటీ మీద రాయలేదు.

ఆ మాట విని బుద్ధిగా నీళ్లు తాగిన రోజుల్లోనే ఆ సాయంత్రం వచ్చింది. సెప్టెంబరు నెల. గట్టి వాన ఉందంటే ఐటీ వాళ్లను ఇంటి నుంచే పని చేయించమని, లేదా విడతలుగా వదలమని పోలీసులు చెబుతూనే ఉంటారు. మా ఆఫీసులో మాత్రం ఆ సంగతి తలుచుకునేది వాన మొదలయ్యాకే. "వీలైనవాళ్లు వెళ్లండి" అని నాలుగున్నరకు మెసేజ్ వస్తుంది, అందరూ ఒక్కసారే పార్కింగ్‌లోకి దిగుతారు. ఆరోజు నేను బయటపడేసరికి అయిదూ నలభై. రాయదుర్గం దాటేసరికి ఏడు. షేక్‌పేట వంతెన మీద ఎర్రలైట్ల వరుస ఒకటే, కదలిక లేదు. ఫోనులో మ్యాపు ఇరవై రెండు నిమిషాలు అంటుంది, పది నిమిషాల తర్వాత చూస్తే ముప్పై ఒకటి అంటుంది. మ్యాపు చెప్పే సందుల్లోకి వెళ్లొద్దని మనవి, వానలో అసలే వద్దు. ఎదురుగా ఆటో వస్తే వెనక్కీ పోలేం, ముందుకీ పోలేం.

వంతెన దిగి టోలిచౌకి వైపు చేరేసరికి ఎనిమిదిన్నర. అప్పటికి గంటన్నరగా ఆపుకుంటున్నాను. పొత్తికడుపు రాయిలా బిగుసుకుపోయింది. బ్రేకు తొక్కిన ప్రతిసారీ ప్రాణం పోయినట్టుండేది. వెనక నుంచి ఒకతను హారన్ మీద పెట్టిన చెయ్యి తియ్యడు. ముందు కనబడుతున్నది నీళ్లలో ఆగిపోయిన బస్సు. ఆ బస్సును హారన్‌తో ఎలా జరుపుదామనుకున్నాడో ఆ మనిషి.

అంతకుముందే ఒక పెట్రోలు బంకులోకి తిప్పాను. బాత్రూమ్ తలుపుకు తాళం. "తాళంచెవి మేనేజర్ దగ్గరుంది మేడమ్, ఆయన బయటికెళ్లారు" అన్నాడు కుర్రాడు. బంకుల్లో గాలి, తాగే నీళ్లు, బాత్రూమ్ ఉచితంగా ఇవ్వాలన్నది నియమం. అది అప్పుడు నాకు తెలియదు. తెలిసుంటే అక్కణ్నుంచి కదిలేదాన్ని కాదు.

ఇక నావల్ల కాలేదు. మూసేసిన ఒక ఫర్నిచర్ షాపు ముందుకు బండి ఎక్కించి, నాలుగు ఇండికేటర్లూ వేసి, గొడుగు కూడా తీసుకోకుండా పక్క సందులోకి నడిచాను. మూడో ఇంటి గేటు దగ్గర ఒక పెద్దావిడ చీపురుతో వాననీళ్లను బయటికి తోస్తోంది. నోరు పెగల్లేదు. "ఆంటీ, బాత్రూమ్ జానా హై" అన్నాను. అంతే, ఇంకేమీ అనలేకపోయాను. ఆవిడ నా ముఖం ఒక్కసారి చూసి, చీపురు గోడకు ఆనించి, "అందర్ ఆవో బేటా" అని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లింది. కరెంటు లేదు. కోడలు కాబోలు, ఒకమ్మాయి ఫోను టార్చి వేసి బాత్రూమ్ తలుపు పైన ఉన్న సందులోంచి వెలుతురు పడేలా పట్టుకుని బయట నిలబడింది. లోపల నీలం డ్రమ్ము, దాని అంచుకు తగిలించిన సత్తు మగ్గు. తలుపుకు గడియ లేదు, గుడ్డముక్కతో మేకుకు కట్టుకోవాలి. ఇవన్నీ నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టున్నాయి.

బయటికి వచ్చేసరికి ఆవిడ గ్లాసులో నీళ్లు పట్టుకుని నిలబడింది. వద్దన్నాను, ఇంకా చాలా దూరం పోవాలి, మళ్లీ వస్తుంది అని. ఆవిడ తనకు వచ్చిన తెలుగులో, "తాగమ్మా. మళ్లీ వస్తే మళ్లీ ఎవరి ఇంట్లో అయినా అడుగు. ఆడమనిషి అడిగితే ఎవరు వద్దంటరు?" అంది. తాగాను. ఇల్లు చేరేసరికి పదీ నలభై. పాప అమ్మమ్మ దగ్గరే నిద్రపోయింది.

ఆ రోజు నుంచి నా పద్ధతి మారింది. పొద్దున లేవగానే రెండు గ్లాసులు తాగుతాను, అమ్మ వాళ్లింట్లో దిగి బాత్రూమ్‌కు వెళ్లాకే మళ్లీ స్టీరింగ్ పట్టుకుంటాను. ఆఫీసులో మధ్యాహ్నం మూడున్నర లోపు తాగాల్సిన నీళ్లలో ఎక్కువ భాగం తాగేస్తాను, ఆ తర్వాత గుక్కెడు గుక్కెడు. పూర్తిగా మానను. సీట్లో కూర్చునే ముందు, వచ్చినా రాకపోయినా, ఒకసారి వెళ్లి వస్తాను. బంకులో ఇప్పుడు బతిమాలను. "తాళం తియ్యండి, ఇది మీరు ఇవ్వాల్సిందే" అని గట్టిగా అంటాను, కావాలంటే ఫిర్యాదు పుస్తకం ఇమ్మంటాను. పుస్తకం మాట ఎత్తగానే తాళంచెవి దొరుకుతుంది. మెహిదీపట్నంలో ఒక టిఫిన్ హోటల్ వాళ్లు ముఖం గుర్తుపట్టారు. టీ తాగుతాను, లోపలికి వెళ్లి వస్తాను, ఎవరూ ఏమీ అనరు. వాన సూచన ఉన్నరోజు నాలుగున్నర మెసేజ్ కోసం ఆగను. మూడింటికే చెప్పి బయల్దేరతాను, మిగతా పని ఇంట్లో చేస్తాను. ఇందుకు మేనేజరుతో ఒకసారి గట్టిగానే మాట్లాడాల్సి వచ్చింది. కారణం దాచకుండా చెప్పాను. అతను తల దించుకుని సరే అన్నాడు. మగవాళ్లకు చెప్పడానికి సిగ్గుపడకండి. చెప్పకపోతే వాళ్లకు తెలియదు.

పాటల మాట కూడా వచ్చింది కాబట్టి, నేను వినేది ఎక్కువగా పాత రేడియో నాటకాలు. మోకాలి నొప్పి క్లచ్ వల్ల వచ్చింది, ఆటోమేటిక్ బండి కొన్నాక చాలావరకు తగ్గింది. అంతకంటే వాటి గురించి చెప్పడానికి ఏమీ లేదు.

డ్యాష్‌బోర్డు అరలో ఒక కాగితం పెట్టుకున్నాను. కర్మన్‌ఘాట్ నుంచి నానక్‌రామ్‌గూడ దాకా ఎక్కడెక్కడ శుభ్రమైన బాత్రూమ్ ఉంది, ఎన్ని గంటలదాకా తెరిచి ఉంటుంది, లోపల నీళ్లు వస్తాయా, తలుపుకు గడియ ఉందా, అన్నీ రాశాను. మా ఆఫీసులో ఏడుగురు దాన్ని ఫొటో తీసుకున్నారు. కాగితంలో ఒకచోట ఖాళీ ఉంది. ఆరాంఘర్‌కూ మెహిదీపట్నానికీ మధ్య, ఎక్స్‌ప్రెస్‌వే కింద రోడ్డు మీద, రాత్రి ఎనిమిది దాటాక కూడా తాళం వెయ్యని చోటు మీలో ఎవరికైనా తెలిస్తే చెప్పండి, రాసుకుంటాను.