పదేళ్ల సిస్టమ్ పదేపదే ఆగిపోతుంటే

అబ్బాయ్,

నిన్న ఫోన్లో నేను సగం చెప్పేలోపే నువ్వు స్క్రూడ్రైవర్ వెతుక్కుంటున్న చప్పుడు వినిపించింది. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. ఇది మొత్తం చదివేదాకా ఆ సీపీయూ మూత తియ్యకు.

"ఎన్నిసార్లు ఆగిపోయిందిరా?" అంటే "చాలాసార్లు" అన్నావు. "ఎలా ఆగిపోయింది?" అంటే "ఆగిపోయింది బాబాయ్, అంతే" అన్నావు. పైగా నీ స్నేహితుడెవరో ఫార్మాట్ కొట్టెయ్యమన్నాడన్నావు, అంటే డిస్క్ చెరిపేసి విండోస్ మళ్లీ ఎక్కించమని. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకోవడమంటే ఇదే. ఫార్మాట్‌తో కుదిరే జబ్బులు కొన్ని ఉన్నాయి, కాదనను. కానీ పదేళ్లు నడిచిన యంత్రం, నువ్వు కొత్తగా ఏమీ ఎక్కించకుండానే రోజూ పడిపోతోందంటే నా అనుమానం ముందు విండోస్ మీదికి పోదు. దుమ్ము మీదికి, వేడి మీదికి, కరెంటు మీదికి పోతుంది.

నేనూ ఒకప్పుడు ఫార్మాట్ వీరుణ్ణేలే. మా పాత సిస్టమ్ ఒకటి ఇలాగే టపీమని ఆరిపోయి దానంతటదే మళ్లీ మొదలయ్యేది. రెండుసార్లు ఫార్మాట్ కొట్టాను. తర్వాత ఒకేరోజు ర్యామ్ మార్చాను, హార్డ్ డిస్క్ కేబుల్ మార్చాను, ఫ్యాను మార్చాను. నాలుగు రోజులు బంగారంలా నడిచింది. ఆ మూడింట్లో ఏది పనిచేసిందో తెలియకపోయినా మీసం మెలేశాను. అయిదో రోజు మళ్లీ మొదటికొచ్చింది. చివరికి సంగతి పట్టుకున్నది మీ పిన్ని. "నేను ఇస్త్రీపెట్టె పెట్టినప్పుడల్లా మీ కంప్యూటర్ ఆరిపోతోంది, చూశారా?" అంది. రెండూ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సులో ఉన్నాయి. ఆ నాలుగు రోజులూ ఇస్త్రీకి బట్టల్లేవు, అంతే.

అందులో ఇస్త్రీపెట్టె తప్పు సగమే. అది వేడెక్కేటప్పుడు లాగే కరెంటుకు ఆ ఎక్స్‌టెన్షన్ బాక్సులో వోల్టేజీ ఒక్క క్షణం కుంగుతుంది. ఎస్‌ఎంపీఎస్, అంటే సిస్టమ్ లోపలి భాగాలకు కరెంటు అందించే డబ్బా, కొత్తదైతే ఆ కుంగును లోపలికి తెలియనివ్వదు. దానిలోని పెద్ద కెపాసిటర్ దాచుకున్న శక్తితో, కరెంటు పూర్తిగా పోయినా దాదాపు 16 మిల్లీసెకన్లపాటు బండి లాగించేస్తుంది. ఏళ్ల తరబడి వేడిలో మగ్గేసరికి కెపాసిటర్లలోని ద్రవం కొద్దికొద్దిగా ఆరిపోతుంది. నిల్వ తగ్గుతుంది. ఒకప్పుడు లెక్కలోకి రాని చిన్న కుదుపుకే సిస్టమ్ కూలబడుతుంది. ఫార్మాట్ కొడితే ఎండిపోయిన కెపాసిటర్ నిండుతుందా, చెప్పు.

అందుకని నువ్వు మొదట కొనాల్సింది ర్యామూ కాదు, ఎస్‌ఎస్‌డీ కాదు. ఒక నోటుబుక్కు. ఆగిన ప్రతిసారీ టైమ్ రాయి. ఆన్ చేసి ఎంతసేపయ్యాక ఆగింది, అప్పుడు ఏం నడుస్తోంది, ఇంట్లో ఇంకేం ఆన్‌లో ఉన్నాయి, ఇవీ రాయి. అన్నిటికన్నా ముఖ్యం, ఎలా ఆగిందో రాయి. నీకు అన్నీ "ఆగిపోవడమే" కానీ నాకు అవి వేర్వేరు రోగాలు. తెర మీద ఏమీ రాకుండా లైటు ఆర్పినట్టు ఆరిపోతే కరెంటునో వేడినో అనుమానించు. నీలం తెర వచ్చి ఏదో కోడ్ చూపిస్తే విండోస్ ప్రాణం పోయేముందు వాంగ్మూలం ఇచ్చిందన్నమాట, దాన్ని అక్షరం పొల్లుపోకుండా రాసుకో. బొమ్మ బిగుసుకుపోయి, మౌస్ కదలక, పాట ఒకే ముక్క దగ్గర గిరగిరా తిరుగుతుంటే అది హ్యాంగ్. ర్యామ్, గ్రాఫిక్స్, డిస్క్, ఎవరైనా కావచ్చు. ఒక్క ప్రోగ్రామ్ మాత్రమే మూసుకుపోయి మిగతావన్నీ నడుస్తుంటే ఆ ప్రోగ్రామ్ సంగతి ముందు చూడు, యంత్రాన్ని తర్వాత అనుమానించవచ్చు.

నీలం తెర చదివే వ్యవధి ఉండదు కదా అంటావు. సిస్టమ్ ప్రాపర్టీస్‌లో అడ్వాన్స్‌డ్, అందులో స్టార్టప్ అండ్ రికవరీలోకి వెళ్లి "ఆటోమేటికల్లీ రీస్టార్ట్" దగ్గర టిక్కు తీసెయ్. తెర అక్కడే నిలబడుతుంది, ఫోన్‌తో ఫోటో తీసుకో. స్టార్ట్ మెనూలో "రిలయబిలిటీ" అని కొడితే రిలయబిలిటీ మానిటర్ వస్తుంది. ఏ రోజు ఏం కూలిందో తేదీలవారీగా ఎర్ర గుర్తులతో చూపిస్తుంది. చాలామందికి అది ఉందనే తెలియదు. విండోస్ తన చిట్టా రాసుకునే ఈవెంట్ వ్యూయర్‌లో "కెర్నల్-పవర్ 41" కనిపించగానే జబ్బు దొరికిందని గంతులెయ్యకు. అది దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగే బాపతు. సిస్టమ్ సరిగ్గా షట్‌డౌన్ కాకుండా ఆగిపోయిందని, మళ్లీ మొదలయ్యాక చెబుతుంది. అది నీకు ముందే తెలుసు.

ఇంకో మాట ముందే రాయాల్సింది, మరిచాను. ఏ పరీక్షా మొదలెట్టకముందే ఫోటోలు, సర్టిఫికెట్లు, నువ్వు పోగొట్టుకోలేనివన్నీ బయటి డిస్క్‌లోకి ఎక్కించు. ఈ రోజే. కొన ఊపిరితో ఉన్న హార్డ్ డిస్క్ మీద, తప్పులు వెతికే విండోస్ పనిముట్టు చెక్ డిస్క్‌తో పూర్తి స్కాన్ పెడితే అది ఆ స్కాన్‌లోనే పోవచ్చు. కాపీ అయ్యాక క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో లాంటి ఉచిత ప్రోగ్రామ్‌తో డిస్క్ జాతకం చూడు. రీఅలొకేటెడ్ సెక్టార్లు (చెడి పక్కన పెట్టిన భాగాలు), పెండింగ్ సెక్టార్లు (చెడ్డాయని అనుమానంలో ఉన్నవి) అనే వరసల్లో అంకె వారం వారం పెరుగుతుంటే ఆ డిస్క్‌తో రుణం తీరినట్టే. సీఆర్‌సీ ఎర్రర్లు (డిస్క్‌కూ బోర్డుకూ మధ్య డేటా పోయేటప్పుడు వచ్చే తప్పులు) ఒక్కటే పెరుగుతుంటే మాత్రం డిస్క్‌ను తిట్టకు. చాలాసార్లు అది కేబుల్ తప్పే, మారిస్తే సరిపోతుంది.

ఇప్పుడు మూత తియ్. ముందు స్విచ్ ఆపు, వైరు పీకు, పవర్ బటన్ అయిదారు సెకన్లు నొక్కిపట్టు. లోపల దేన్నీ ముట్టుకోకముందు డబ్బా ఇనుప భాగాన్ని చేత్తో తాకు. నీ ఒంట్లోని స్థిర విద్యుత్తు అందులోకి పోతుంది. ప్రాసెసర్ వేడిని లాగే హీట్‌సింక్ రెక్కల మధ్య బొంతలా పేరుకున్న దుమ్ము నువ్వే చూస్తావు. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాను రెక్కను వేలితో ఆపి పట్టుకో, లేకపోతే గాలికి విపరీతంగా తిరిగి దాని బేరింగ్ పాడవుతుంది. ప్రాసెసర్ వేడిని హీట్‌సింక్‌కు చేరవేసే థర్మల్ పేస్ట్ పదేళ్లకు ఎండి సున్నంలా అయి ఉంటుంది. పాతది పూర్తిగా తుడిచి బఠాణీ గింజంత కొత్తది పెట్టు. ఎక్కువ రాస్తే ఎక్కువ చల్లబడుతుందనుకోకు. తర్వాత వేడి చూపించే ప్రోగ్రామ్ ఒకటి పెట్టుకుని, బాగా పని చేయించినప్పుడు ఎంతకు చేరుతోందో చూడు. 80 డిగ్రీల లోపైతే నిశ్చింతగా ఉండు. 95 దాటి 100 వైపు పోతుంటే నీ దొంగ దొరికినట్టే.

మూత తీసినప్పుడే ర్యామ్ కర్రల్ని ఒకసారి తీసి, క్లిక్కుమనేదాకా మళ్లీ నొక్కు. నవ్వకు, ఏళ్ల తరబడి వేడెక్కి చల్లారి అవి నిజంగానే వదులవుతాయి. వాటి బంగారు పళ్లను రబ్బరుతో రుద్దేవాళ్లుంటారు. నాకది నచ్చదు, రబ్బరు పొట్టు స్లాట్‌లో పడుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన మెత్తటి గుడ్డ చాలు. ఆ రాత్రికి ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86ను పెన్‌డ్రైవ్ నుంచి నడిపి పడుకో, కనీసం నాలుగు పాస్‌లు, అంటే నాలుగు చుట్లు, తిరగనీ. "ఒక్క ఎర్రరే కదా" అనుకోకు. ర్యామ్ విషయంలో ఒక్కటి వచ్చినా వచ్చినట్టే. అప్పుడు ఒక్కో కర్రనే ఉంచి పరీక్షిస్తే చెడ్డదేదో, లేక స్లాటే చెడ్డదో తేలిపోతుంది.

ఎస్‌ఎంపీఎస్‌ను మాత్రం అంకెలతో పట్టుకోవడం కష్టం. బయోస్‌లో (విండోస్ కన్నా ముందు తెరుచుకునే సెట్టింగుల తెర) 12 వోల్టుల లైను 11.4 కి, 12.6 కి మధ్య ఉండాలి, బయట ఉంటే అది చెడిందని గట్టిగా అనుమానించవచ్చు. లోపల ఉన్నంత మాత్రాన మంచిదని కాదు. క్షణంలో కుంగి లేచేది ఆ తెర మీద కనపడదు. ముందు సిస్టమ్‌ను వేరే గోడ సాకెట్‌కు మార్చి చూడు. తర్వాత ఎవరి దగ్గరైనా సరిపోయే మంచి ఎస్‌ఎంపీఎస్ వారం రోజులు అరువు తెచ్చి పెట్టి చూడు. అంతకన్నా నమ్మకమైన పరీక్ష నాకు తెలియదు. దాని డబ్బా మాత్రం విప్పకు. వైరు పీకాక కూడా లోపలి కెపాసిటర్ మనిషిని కొట్టగలదు.

ఇవన్నీ ఒక్కొక్కటిగా చెయ్యి. ఒకటి మార్చి, నోటుబుక్కులో రాసి, మామూలుగా ఎన్ని రోజులకోసారి పడిపోతుందో దానికి రెండింతల రోజులు ఆగి, అప్పుడు రెండోది.

విండోస్ సంగతి తేల్చాలంటే పెన్‌డ్రైవ్ మీద లైవ్ లినక్స్, అంటే డిస్క్‌లో ఎక్కించకుండానే నడిచే లినక్స్, వేసి రెండు రోజులు దానితోనే పని చేసుకో. అందులోనూ పడిపోతే విండోస్ దాదాపు నిర్దోషి. పడకపోతే డ్రైవర్లు (పరికరాల్ని నడిపే ప్రోగ్రామ్‌లు) గానీ విండోస్ గానీ అయి ఉండాలి, లేదా హార్డ్ డిస్క్. లైవ్‌లో డిస్క్‌కు పని ఉండదు కనక దానికి క్లీన్ చిట్ ఇవ్వకు. ఈ మధ్య వచ్చిన డ్రైవర్ అప్‌డేట్‌ను వెనక్కి తీసి చూడు. అప్పటికీ కుదరకపోతే నీ స్నేహితుడి ఫార్మాట్‌కు వంతు వస్తుంది.

మదర్‌బోర్డు మీది కెపాసిటర్ల తలలు పూరీల్లా ఉబ్బి కనిపిస్తే ఇక ఏమీ కొనకు. విండోస్ 10 కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14 తో ఆపేసింది, పదేళ్ల నాటి ప్రాసెసర్‌ను విండోస్ 11 లెక్క ప్రకారం ఒప్పుకోదు. ఆ యంత్రానికి కొత్త బోర్డు వెతకడం కన్నా, డిస్క్ బాగుంటే దాన్ని దాచుకుని మిగతాదానికి సెలవు చెప్పడం మేలు.

సిస్టమ్ గడియారం ప్రతిసారీ వెనక్కి పోతోందని కూడా ఏదో అన్నావు. దానికీ దీనికీ బహుశా సంబంధం లేదు. బోర్డు మీద నాణెంలా ఉండే సీఆర్2032 బ్యాటరీ అయిపోయి ఉంటుంది, మార్చెయ్.

వారం అయ్యాక నోటుబుక్కు పేజీ ఫోటో తీసి పంపు. ఫోన్ ఆ తర్వాత చేద్దువుగాని.

మీ బాబాయ్