టైరు గాలి లైటు పొద్దున వెలిగి మధ్యాహ్నం ఆరిపోతోంది, సెన్సార్ మార్చాలా?

అనంతపురంలో పొద్దున బండి తీయగానే టైరు గాలి లైటు వస్తోంది, మధ్యాహ్నానికి పోతోంది, షాపులో పంచర్ లేదన్నారు, సెన్సార్ మార్చాలా అని అడిగారు. మార్చొద్దు, అది చెప్పేది నిజమే. సెన్సార్ చెడితే లైటు తీరే వేరు: స్టార్ట్ చేయగానే ఓ నిమిషం, నిమిషంన్నర మిణుకుమిణుకుమని ఆ తర్వాత నిలకడగా వెలుగుతుంది. మొదటి నుంచీ నిలకడగా ఉంటే గాలి తక్కువున్నట్టే.

ఎక్కువసార్లు తేడా గాలి కొట్టించిన వేళలో ఉంటుంది. ఉష్ణోగ్రత 5, 6 డిగ్రీలు మారితే టైరులో గాలి ఒత్తిడి సుమారు 1 పీఎస్ఐ (ఒత్తిడి కొలత) మారుతుంది. గుత్తి నుంచి హైవే మీద ఎండలో వచ్చి, అలాగే బంకులో 33 పెట్టించారనుకోండి. టైరు లోపల అప్పుడు 50 డిగ్రీలున్నా ఆశ్చర్యం లేదు. జనవరి తెల్లవారుజామున 18 డిగ్రీలకు దిగితే అదే టైరు 27, 28 చూపిస్తుంది. ఏ లీకూ లేకపోయినా నెలకు 1 పీఎస్ఐ దాకా తగ్గుతుంది. చాలా కార్లలో కంపెనీ చెప్పినదానికన్నా పాతిక శాతం తగ్గితే లైటు వస్తుంది, 33కి అది 25 దగ్గర. ఎండెక్కాక ఒత్తిడి పెరిగి లైటు ఆరుతుంది గానీ, లోపల గాలేమీ పెరగలేదు.

అందుకే రాత్రంతా, లేదా కనీసం 3 గంటలు నిలిచిన బండికే గాలి చూడాలి. డ్రైవర్ డోరు తెరిస్తే పక్క స్తంభం మీది స్టిక్కర్లో అంకె ఉంటుంది, నిండు లోడుకు వేరే అంకె. బంకు మీటర్లు 2, 3 పీఎస్ఐ అటూఇటూ చూపిస్తుంటాయి, సొంత గేజ్ ఒకటి డిక్కీలో ఉంచుకోండి. ఎండాకాలం గాలి తక్కువ పెట్టించమనే సలహా మన దగ్గర బాగా వినిపిస్తుంది. దయచేసి వినకండి. గాలి తక్కువైన టైరు పక్కలు ప్రతి చుట్టుకూ నలిగి వేడెక్కుతాయి, మే నెల రోడ్డు మీద పేలేది అలాంటి టైరే. హైవే మీద 33 కాస్తా 38 అయినా దింపొద్దు.

పొద్దున నాలుగు టైర్లూ సమానంగా తగ్గితే చల్లగాలి ప్రభావం. ఒక్కటే 3, 4 తక్కువుంటే సన్నటి లీకు. చేల దారుల్లో కంపముల్లు గుచ్చుకుని లోపలే విరిగితే పైకి ఏమీ కనబడదు, గాలి రోజులు తీసుకుని పోతుంది. సబ్బు నీళ్లు ముల్లు చోటే కాదు, వాల్వ్ లోపలి పిన్ను మీద, రిమ్ము అంచు చుట్టూ పోసి ఓపికగా చూడమనండి. వాల్వ్ రబ్బరును పక్కకు వంచి చూడండి, ఎండకు పగుళ్లొచ్చి ఉంటే అదే కారణం.

లైటు దానంతట అదే ఆరుతోంది కాబట్టి మీది టైర్లలో సెన్సార్లున్న రకం అయ్యుండాలి. ఏబీఎస్ (బ్రేకు వేస్తే చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏర్పాటు) ద్వారా చక్రాల వేగం పోల్చే రకమైతే గాలి సరిచేశాక మీటరు మెనూలో రీసెట్ కొట్టాలి. గాలి తక్కువుండగా కొడితే ఆ తక్కువనే సరైన లెక్కగా గుర్తుపెట్టుకుంటుంది.

టైరు విప్పించేటప్పుడు వాల్వ్ వెనకే సెన్సార్ ఉందని ముందే చెప్పండి, విప్పే మిషన్ దెబ్బ అక్కడ పడితే విరుగుతుంది. సెన్సార్ బ్యాటరీ దాని లోపలే మూసి ఉంటుంది, విడిగా మార్చడానికి రాదు. 7, 8 ఏళ్లు దాటిన బండైతే ఆ బ్యాటరీ అయిపోయే వేళ, కాబట్టి కొత్త టైర్లు వేయించే రోజే సెన్సార్లూ మార్పిస్తే విప్పే కూలీ మిగులుతుంది.