గ్యాసు మీదే ఎందుకు వణుకుతోంది?

బండి సంగతులు: పాఠకుల ప్రశ్నలకు బెజవాడ ఆటోనగర్ మెకానిక్ జవాబులు

ప్రశ్న: మేస్త్రీ గారూ, మాది నాలుగు సిలిండర్ల పెట్రోల్ కారు, కంపెనీ నుంచే సీఎన్‌జీతో వచ్చింది. 70,000 కిలోమీటర్లు దాటింది. రోజూ తెనాలి నుంచి గుంటూరులో బడికి దాంట్లోనే వెళ్తాను. ఈమధ్య రైల్వే గేటు దగ్గర ఆగితే చాలు, స్టీరింగ్ వణుకుతోంది, ఇంజిన్ ఆగిపోతుందేమో అన్నట్టు ఊగుతోంది. పెట్రోల్‌కి మారిస్తే చాలావరకు సర్దుకుంటోంది. మొన్న లారీని దాటబోయి గట్టిగా తొక్కితే జర్కులిచ్చి, ఇంజిన్ లైటు ఆరుతూ వెలుగుతూ కనిపించింది. ఒక వర్క్‌షాపులో పెట్రోల్ ఇంజెక్టర్లు క్లీన్ చేసి 6,500 రూపాయలు తీసుకున్నారు. తేడా లేదు. ఇప్పుడు ఇంజిన్ పైభాగం, అదే హెడ్, దించాలంటున్నారు. మావారేమో అమ్మేద్దాం అంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక ఉపాధ్యాయురాలు, తెనాలి

జవాబు: అమ్మొద్దు తల్లీ. హెడ్ కూడా ఇప్పుడే దించనివ్వొద్దు.

పెట్రోల్‌కి మారిస్తే సర్దుకుంటోంది అన్నారు చూడండి, ఆ మాట పట్టుకుందాం. మీ కారులో గ్యాసుకి ఇంజెక్టర్లు వేరు, పెట్రోల్‌కి వేరు. గ్యాసు మీద నడిచేటప్పుడు పెట్రోల్ ఇంజెక్టర్లకి పనే లేదు. ఖాళీగా కూర్చున్నవాటిని కడిగి డబ్బులు తీసుకున్నారన్నమాట! నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గులు, వాటికి వోల్టేజీ అందించే కాయిళ్లు మాత్రం రెండింటికీ ఉమ్మడి. గ్యాసు, గాలి కలిసినచోట నిప్పురవ్వ దూకాలంటే పెట్రోల్‌కంటే ఎక్కువ వోల్టేజీ కావాలి. గట్టిగా తొక్కితే సిలిండర్‌లో ఒత్తిడి పెరిగి ఇంకా ఎక్కువ కావాలి. నీరసించిన కాయిల్ పెట్రోల్ మీద ఎలాగో నెట్టుకొస్తుంది, గ్యాసు మీద చేతులెత్తేస్తుంది. నా మొదటి అనుమానం అక్కడే.

ఏ సిలిండరో తేలాలంటే స్కానర్ పెట్టించండి. అంతవరకు లైటు పోవడానికని బ్యాటరీ వైరు ఎవర్నీ పీకనివ్వకండి. అలా చేస్తే తప్పు ఎక్కడుందో చెప్పే కోడూ పోతుంది, మిస్ కొట్టినప్పుడు, అంటే సిలిండర్‌లో ఇంధనం సరిగా మండనప్పుడు, ఆర్పీఎం ఎంత, లోడెంత అని కంప్యూటర్ రాసిపెట్టుకున్న లెక్కా పోతుంది. కోడు పీ0302 అని వస్తే రెండో సిలిండర్, పీ0303 అయితే మూడోది. పీ0300 వస్తే మిస్సింగ్ ఒక్క సిలిండర్‌కే పరిమితం కాలేదని. అప్పుడు గాలి లీకులు, ఇంధనం ఒత్తిడి చూడాల్సి వస్తుంది.

రెండోదని వచ్చిందనుకుందాం. ఇంజిన్ ఆపి, చల్లారాక, రెండో కాయిల్‌ని మూడోదానిమీదికి, మూడోదాన్ని రెండోదానిమీదికి మార్చమనండి. కోడు చెరిపేసి గ్యాసు మీద ఒక చక్కర్ తిప్పాలి. ఈసారి పీ0303 వచ్చిందా, కాయిల్ దొరికిపోయినట్టే. కోడు కదల్లేదా, ప్లగ్గులు అలాగే అటూ ఇటూ మార్చాలి. మీరు దగ్గరుండి చూడండి, మెకానిక్ ఏమీ అనుకోడు. అనుకుంటే షెడ్డు మార్చండి. ఇంజిన్ నడుస్తుండగా కాయిల్ పీకి చూసే పాత అలవాటు కొందరికి ఇంకా పోలేదు, దానికి మాత్రం ఒప్పుకోవద్దు. వేల వోల్టులు ఉంటాయక్కడ.

ప్లగ్గు తీసేముందు ఆ గుంతలో గాలి కొట్టి దుమ్ము ఊదేయాలి. గుంతలో ఆయిల్ ఉంటే టాపెట్ కవర్ (ఇంజిన్ పైమూత) ప్యాకింగ్ పోయినట్టు. అది మార్చకుండా కొత్త కాయిల్ వేస్తే అదీ పాడవుతుంది. ప్లగ్గు తెల్ల పింగాణీ మీద నిలువుగా సన్నటి నల్లగీత ఉంటే కరెంటు పక్కదారిన పారిపోతోందని గుర్తు. కొనేటప్పుడు మీ కారు సీఎన్‌జీ మోడల్‌కి మాన్యువల్‌లో రాసిన ప్లగ్గే అడగండి, ప్లగ్గు కొసన నిప్పురవ్వ దూకే గ్యాపు కూడా అందులో ఉన్నంతే ఉండాలి.

కాయిల్, ప్లగ్గు రెండూ మార్చినా కోడు అక్కడే కూర్చుంటే ఇక మిగిలినవి ఆ సిలిండర్ గ్యాసు ఇంజెక్టర్, కంప్రెషన్ (సిలిండర్ లోపల నొక్కుకునే ఒత్తిడి). గ్యాసు మీద బాగా తిరిగిన బళ్లలో వాల్వు కూర్చునే సీట్లు అరిగి, వాల్వుకీ దాన్ని నొక్కే భాగానికీ మధ్య ఉండే టాపెట్ గ్యాపు తగ్గి, వాల్వు పూర్తిగా మూసుకోకపోవడం ఉంది. హెడ్ మాట ఎత్తినవాళ్లు బహుశా దీన్నే అనుకుని ఉంటారు. కానీ అది తెలుసుకోవడానికి విప్పక్కర్లేదు, ప్లగ్గు రంధ్రంలో గేజి పెట్టి నాలుగు సిలిండర్ల కంప్రెషన్ కొలిస్తే చాలు. మూడూ ఒకలా ఉండి అదొక్కటే బాగా పడిపోతే, ముందు టాపెట్ గ్యాపు చూపించండి. అదీ సరిగ్గా ఉంటే హెడ్ దించమన్నా నేను కాదనను.

ఆ మిణుకుమిణుకుమనే లైటు సంగతి మాత్రం తేలిగ్గా తీసుకోకండి. కాలని ఇంధనం సైలెన్సర్ దారిలో పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి అక్కడ మండుతుంది. లోపలి పింగాణీ జల్లెడ కరిగిపోయేంత వేడి పుడుతుంది. దాంట్లో ప్లాటినం, పల్లాడియం లాంటి లోహాలుంటాయి కాబట్టి దాని ధర ముందు కాయిల్ ఖర్చు ఏ మూలకీ రాదు. లైటు అలా ఆరుతూ వెలుగుతుంటే కాలు తీసి, పక్కకి ఆపేయండి. పని అయ్యేదాకా బడికి బస్సులో వెళ్లండి.

ప్రశ్న: మాది ఆటోమేటిక్ కారు. డీలో ఉంచి బ్రేకు తొక్కి ఆగితే సీటు కింద వణుకు. ఎన్‌లోకి మారిస్తే తగ్గుతుంది. ఇంజిన్ లైటు లేదు. ఇదీ మిస్సింగేనా?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: ఆర్పీఎం సూది నిలకడగా ఉంటే మిస్సింగ్ అయ్యే అవకాశం తక్కువ. ముందు ఇంజిన్‌ని పట్టి ఉంచే రబ్బరు దిమ్మలు, అదే మౌంటింగులు, చూపించండి. బానెట్ ఎత్తి, హ్యాండ్ బ్రేకు వేసి, కాలి బ్రేకు గట్టిగా తొక్కిపట్టి డీ నుంచి ఆర్‌కి, ఆర్ నుంచి డీకి మారుస్తుంటే ఇంజిన్ ఎగిరి పడుతోందా అని ఇంకొకరు చూడాలి. చూసే మనిషి కారుకి పక్కన నిలబడాలి, ఎదురుగా వద్దు.