నాలుగు చేతులంటే సరిపోదు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వ్యాసం చదివాను. భాష బాగుంది. కానీ "కార్బన్‌కు నాలుగు చేతులున్నాయి, అందుకే ఇన్ని అణువులు" అన్నచోట ఒళ్లు మండింది. సిలికాన్ కూడా నాలుగు బంధాలే కడుతుంది కదా నాయనా! పైగా భూమి పైపొరలో కార్బన్ కంటే అదే ఎన్నో రెట్లు ఎక్కువ. మరి మన ఒళ్లు దాంతో ఎందుకు తయారుకాలేదు?

కారణం చెప్పకుండా విశేషణాలతో సరిపెట్టడం మన సైన్సు రచనకు పట్టిన చీడ. కారణం తేలాలంటే పక్కదాన్ని తెచ్చి నిలబెట్టాల్సిందే. కార్బన్-కార్బన్ బంధం తెంచడానికి మోల్‌కు (బంధాలను లెక్కపెట్టే కొలత) సుమారు 350 కిలోజౌళ్ల శక్తి కావాలి. కార్బన్-ఆక్సిజన్ బంధానికీ దాదాపు అంతే. అందుకే చుట్టూ ఆక్సిజన్ ఉన్నా ఆ గొలుసు అంత తేలిగ్గా తెగదు. కొమ్మలు వేస్తుంది, వలయమవుతుంది. సిలికాన్-సిలికాన్ బంధం 220 దగ్గరే, ఆక్సిజన్‌తో అయితే 450. అందుకే అది ఆక్సిజన్‌తో కలిసి ఇసుకై కూర్చుంది. కార్బన్‌తో ఎన్ని అణువులంటే నువ్వు "అనంతం" అని రాసి వదిలేశావు. 10 కార్బన్లు, 22 హైడ్రోజన్లు 75 రకాలుగా అమరతాయి. 20 కార్బన్లు, 42 హైడ్రోజన్లయితే 3,66,319 రకాలుగా. అలా అంకె చెప్పు!

చివర్లో వరిగింజనీ గడ్డినీ ఒక్క వాక్యంలో దాటేశావు. అసలు కథ అక్కడుంది. బియ్యంలోని పిండీ, గడ్డిలోని సెల్యులోజూ రెండూ గ్లూకోజ్ గొలుసులే. రెంటిలోనూ ప్రధానంగా ఒక గ్లూకోజ్‌లోని ఒకటో కార్బన్ పక్క గ్లూకోజ్‌లోని నాలుగో కార్బన్‌తో ఆక్సిజన్ ద్వారా కలుస్తుంది. ఒకటో కార్బన్ దగ్గర ఆ బంధం ఏ వైపు తిరిగిందన్నదే తేడా. పిండిలో ఒకవైపు తిరిగి గొలుసు మెలికపడుతుంది. మన లాలాజలంలోని ఎమైలేజ్ అనే ఎంజైమ్ (తిండిని అరిగించే పదార్థం) దాన్ని తెంచగలదు. సెల్యులోజులో రెండోవైపు. గొలుసులు తిన్నగా సాగి, పక్కపక్కనే అతుక్కుని నారగా బిగుస్తాయి. వాటిని తెంచే ఎంజైమ్ మనకు లేదు, ఆవు పొట్టలోని సూక్ష్మజీవులకుంది.

పగలు ట్యూషన్లు చెప్పుకుంటూ రాత్రిళ్లు రాసే రోజుల్లో ఈ సంగతే ఓ వారపత్రికకు పంపాను. బొమ్మలుంటే పాఠకులు పేజీ తిప్పేస్తారని సంపాదకుడు రెండు బొమ్మలూ పీకేశాడు. అచ్చయ్యాక ఓ రైతు కార్డు రాశాడు: "గొడ్డుకు అరిగేది మనకెందుకు అరగదు?" జవాబంతా ఆ పీకేసిన బొమ్మల్లోనే ఉంది. ఆ కోపం నాకింకా చల్లారలేదు.

ఏ పత్రికకు పంపాలన్న మాట తర్వాత. ముందు ఆ చివరి పేరా తిరగరాయి. గ్లూకోజ్ వలయాలు నీ చేత్తోనే గీసి, కార్బన్లకు అంకెలు వేసి పంపు. ఒకటో కార్బన్ దగ్గర బంధం పైకుందో కిందికుందో స్పష్టంగా కనపడాలి.