రాళ్ళ వయసు, శిలాజాల వయసు ఎలా చెప్తారు? అన్నిటికీ కార్బన్ డేటింగేనా?

కాదండి బాబూ. ఈ ముక్క టీవీల వాళ్ళు జనానికి ఎలా ఎక్కించారో గానీ పాత గుడి బయటపడినా కార్బన్ డేటింగే, డైనోసార్ ఎముక దొరికినా కార్బన్ డేటింగే. ప్రాణుల ఒంట్లో ఉండే కార్బన్-14 అనే రకం కార్బన్, ప్రాణం పోయాక ప్రతి 5,730 ఏళ్ళకీ సగం అయిపోతూ ఉంటుంది, 50 వేల ఏళ్ళు దాటాక కొలవడానికి దాదాపు ఏమీ మిగలదు. ఇక కోట్ల ఏళ్ళ రాయికి దాంతో ఏం పని?

నేను డిగ్రీలో జియాలజీ చదివాను (చుట్టాలకి నేను ఇప్పటికీ బోరు పాయింట్ పెట్టేవాడినే, కొబ్బరికాయ ఒకటే తక్కువ). అప్పుడు మమ్మల్ని గోదావరి జిల్లాల్లో దేవరపల్లి దగ్గర గౌరీపట్నం కంకర క్వారీలకి తీసుకెళ్ళారు. అక్కడ కింద నల్లరాయి, పైన మళ్ళీ నల్లరాయి, రెండూ ఒకప్పటి లావానే, మధ్యలో తెల్లగా సున్నపురాయి పొర, దాన్నిండా సముద్రపు చిప్పలు. క్రషర్ వాళ్ళకి ఆ తెల్లది చెత్త, మాకేమో అదే బంగారం. మేస్త్రి గారు ఒక చిప్ప చేతిలో పెట్టుకుని "ఏవండీ, ఇది ఎన్నేళ్ళదండీ?" అన్నారు. మా సార్ చిప్ప వైపు చూడనే లేదు, కిందా పైనా ఉన్న నల్లరాయి చూపించారు.

విషయం అదేనండి. నల్లరాయిలో పొటాషియం ఉంటుంది, అందులో ఒక రకం మెల్లగా తరిగిపోతూ కొంత ఆర్గాన్ గ్యాస్‌గా, మిగతాది కాల్షియంగా మారుతుంది, సగం తరగడానికి 125 కోట్ల ఏళ్ళు. లావా కాగుతున్నప్పుడు ఆర్గాన్ పైకి పోతుంది, గట్టిపడ్డాక లోపలే చిక్కుకుంటుంది, అంటే లెక్క అప్పట్నుంచి మొదలు. అందుకే పైన గాలికీ వానకీ పుచ్చిన రాయి పనికిరాదు, ఆర్గాన్ కారిపోయి ఉంటుంది, బ్లాస్టింగ్‌లో లోపల్నుంచి ఊడిన తాజా ముక్క కావాలి. మేం బండలు తిరగేసి తిరగేసి ఏరుతుంటే ప్రొక్లైన్ డ్రైవర్ పని ఆపేసి మరీ చూశాడు.

ఇంకో విచిత్రం, మా సీనియర్ రాయిని డ్రిల్ చేసే ముందు దిక్సూచి పెట్టి బాణం గుర్తు గీశాడు, ఉత్తరం ఎటో. లావా చల్లారేటప్పుడు అందులో ఇనుప ఖనిజం ఆనాటి భూమి అయస్కాంతం దిశని పట్టేసుకుంటుంది. అక్కడ కింది లావాలో ఆ దిశ తిరగబడి ఉంది, పై లావాలో ఇప్పటిలాగే ఉంది, అంటే ఈ రెండిటి మధ్యలో ఎప్పుడో ఉత్తరం దక్షిణం తారుమారయ్యాయి! అలా తారుమారైన కాలాలకి ప్రపంచం మొత్తానికీ ఒకటే పట్టిక ఉంది, దాంతో పోల్చి చూస్తారు.

చిప్పలు రెండు లావాల మధ్య ఇరుక్కున్నాయి కాబట్టి వాటి వయసు కూడా ఆ రెండు వయసుల మధ్యే. ఆ తెల్ల పొరలో మైక్రోస్కోప్‌కి మాత్రమే కనపడే సముద్రపు జీవుల గుల్లలు కూడా దొరికాయి, వాటిలో డైనోసార్లు పోయిన వెంటనే వచ్చిన రకాలున్నాయి, అంటే సుమారు 6.6 కోట్ల ఏళ్ళ కిందటి సంగతి. లావా లెక్క, అయస్కాంతం లెక్క, గుల్లల లెక్క మూడూ ఒకే చోటికి వస్తున్నాయి, ఇంకా "అంతా అంచనాలేగా" అనేవాళ్ళతో నేను వాదించను.

నా బాధల్లా వేరే. ఇలాంటి పొరలు రోజూ కంకరైపోయి రోడ్ల కింద పడుతున్నాయి. అలాగని క్వారీనే తిట్టి లాభం లేదు, వాళ్ళు తవ్వకపోతే ఆ పొర మాకు కనపడేదే కాదు. కనీసం ఒక్క గోడైనా ముట్టుకోకుండా వదిలేసి బోర్డు పెట్టొచ్చుగా? గౌరీపట్నంలోనే ఉన్న నిర్మలగిరి చర్చికి వెళ్ళేవాళ్ళెవరైనా ఓపికుంటే అటు వెళ్ళి చూడండి, కాకపోతే ముందు క్వారీ వాళ్ళని అడిగి, బ్లాస్టింగ్ టైం కనుక్కుని వెళ్ళండి.