అటారీ 2600లో బొమ్మ దొర్లిపోతుంటే ముందు కార్ట్రిడ్జ్ చూడండి

కొత్తగా కొన్న ఇంటి అటక మీద అటారీ 2600, అంటే టీవీకి తగిలించి ఆడే పాతకాలం గేమ్ కన్సోల్, దొరికిందని, గేమ్ ఉండే ప్లాస్టిక్ డబ్బా (కార్ట్రిడ్జ్) పెడితే బొమ్మ నిలవకుండా పైకి దొర్లిపోతోందని రాశారు. టీవీ పోయిందా, కన్సోల్ పోయిందా, పారేయాలా అని అడిగారు. దయచేసి పారేయకండి. అచ్చం ఇదే నాకూ జరిగింది.

నేను న్యూజెర్సీలో ఉంటాను. ఆరేళ్ల క్రితం ఒక గరాజ్ సేల్‌లో చెక్క డిజైన్ పట్టీ, పైన ఆరు స్విచ్‌లు ఉన్న పాత మోడల్ కొన్నాను. దాంతోపాటు ఇచ్చిన గేమ్ కాంబాట్. ఆన్ చేస్తే రంగు గీతలు, దొర్లే బొమ్మ. రెండు రాత్రులు టీవీ సెట్టింగులు మారుస్తూ కూర్చున్నాను. తప్పు టీవీది కాదు.

1977లో వచ్చిన ఈ మెషీన్‌లో ర్యామ్, అంటే పని చేస్తూ వాడుకునే మెమరీ, 128 బైట్లు. కిలోబైట్లు కాదు, బైట్లే. ఫోన్‌లో తెలుగు టైప్ చేస్తే ఒక్కో అక్షరానికి, ఒక్కో గుణింతం గుర్తుకి మూడేసి బైట్లు పడతాయి. చిన్న వాక్యం ఒక్కటి రాస్తే ఆ 128 నిండిపోతుంది. ఇక తెర మీది బొమ్మంతా దాచుకునే చోటెక్కడ? అందుకే టీవీ ఒక్కో గీత గీస్తుంటే, ఆ గీతలో ఏముండాలో కార్ట్రిడ్జ్‌లోని ప్రోగ్రామ్ అప్పటికప్పుడు తెర మీద బొమ్మ వేయించే టీఐఏ అనే చిప్‌కి చెబుతూ పోవాలి. గీతకి దొరికే టైమ్ 76 ప్రాసెసర్ సైకిళ్లే, అంటే ప్రాసెసర్ వేసే 76 చిన్న అడుగులే. ఒక ఫ్రేమ్ (తెర నిండా ఒక బొమ్మ) అయిపోయింది, మళ్లీ పైనుంచి మొదలుపెట్టమని టీవీకి సిగ్నల్ ఇప్పించాల్సింది కూడా ఆ ప్రోగ్రామే. కార్ట్రిడ్జ్ పిన్ను ఒక్కటి సరిగ్గా ఆనకపోయినా ప్రోగ్రామ్ దారి తప్పుతుంది, ఆ సిగ్నల్ రాదు, బొమ్మ దొర్లుతుంది. ఆ రోజుల్లో ఇలాంటి మెషీన్ మీద గేములు రాసినవాళ్లంటే నాకు ఎంత గౌరవమో చెప్పలేను.

ఇది తెలిశాక కార్ట్రిడ్జ్ తిప్పి చూశాను. అటారీ వాళ్ల వాటికి అంచున దుమ్ము పడకుండా ప్లాస్టిక్ మూత ఉంటుంది. దాన్ని జాగ్రత్తగా లోపలికి జరిపితే పిన్నులు కనిపిస్తాయి, ఇటు 12, అటు 12. ఫార్మసీలో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో, 90 శాతం పైది, దూది ఇయర్‌బడ్ ముంచి తుడిచాను. మొదటి బడ్ కాటుక పెట్టినట్టు నల్లగా వచ్చింది. తొమ్మిదోది తెల్లగా వచ్చేదాకా వదల్లేదు. పది నిమిషాలు ఆరనిచ్చి, పవర్ ఆఫ్‌లోనే ఉంచి, నాలుగైదు సార్లు స్లాట్‌లో పెట్టి తీశాను. నోటితో మాత్రం ఊదకండి, ఉమ్మి తడికి పిన్నులు పాడవుతాయి.

ఆన్ చేశాను. రెండు ట్యాంకులు, ఎటూ కదలని తెర! కాంబాట్ ఒక్కరే ఆడే గేమ్ కాదు కాబట్టి మా పాపని నిద్ర లేపాను. 2 కిలోబైట్ల కార్ట్రిడ్జ్‌లో 27 రకాల ఆటలున్నాయి. గుండు గోడకి తగిలి తిరిగొచ్చే ఆట దొరికాక పాప మళ్లీ పడుకోనంది.

మీరూ ముందు ఇది చేయండి. అయినా దొర్లుతుంటే ఇంకో గేమ్ పెట్టి చూడండి. అది బాగా ఆడితే లోపం మొదటి కార్ట్రిడ్జ్‌దే. ఏదీ ఆడకపోతే స్లాట్‌ని అనుమానించాలి. తెర మీద ఏం కనిపిస్తోందో ఫోటో తీసి ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.